సూరమ్మ ఉన్న కుండ

కొండ మీద పొగమంచు విడవని రోజుల్లో, తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నడుస్తుంటే గున్నమ్మకి పక్కనుంచి ఎవరో అంచు సవరించినట్టు ఉండేది. తిరిగి చూస్తే దుప్పటి కనపడేది, దాని వెనక మంచు కనపడేది, చెయ్యి మాత్రం కనపడేది కాదు. అందుకు ఆమె భయపడేది కాదు. అది తన అక్క సూరమ్మ చెయ్యేనని ఆమె నమ్మకం. సూరమ్మ కాలం చేసి అయిదేళ్ళయింది. కాలం చేసిన మాట నిజమే గాని పూర్తిగా వెళ్ళిపోలేదనీ, తమ వంటింటి మూల తడి ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టికుండలో ఇంకా ఉందనీ గున్నమ్మ అనుకునేది. అది ముసలితనపు చాదస్తం కాదు. చదువుకున్న మనిషి గాజుపలక మీద రంగులు చూపించి మరీ చెప్పిన సంగతి.

ఆ చదువుకున్న మనిషి సూరమ్మ కూతురు హారిక.

అప్పటికి వేడి మీద కోటా వచ్చి పదమూడేళ్ళు దాటింది. అడవిలో కట్టె విరిస్తే నేరం. కరెంటు ఇంటికి ఇంతని తూచినట్టు వచ్చేది. అది అన్నం ఉడకడానికీ రెండు దీపాలకీ చాలేది. బట్టల కోసం నీళ్ళు కాచడమన్నది పిల్లలకి చెప్పే కథల్లోకి వెళ్ళిపోయింది. కింద నర్సీపట్నం వైపు ఎండ ఉంది గనక వాళ్ళ తిప్పలు వాళ్ళు పడేవారు. లంబసింగి దాటి పైకొస్తే నీళ్ళు చేతిని కరిచేవి. ఆ నీళ్ళలో ఎంత సబ్బు పెట్టి ఎంత బాదినా మురికి పోయేది గాని రోగం పోయేది కాదు. ఒకరి గజ్జి తువ్వాలు మీంచి ఇంకొకరికి, ఒకరి చీముపొక్కు దుప్పటి మీంచి మరొకరికి నడిచి వెళ్ళేది. బాలింతలకి జ్వరాలొచ్చేవి.

కొండ మీది చిన్న పురిటి ఆసుపత్రిలో బట్టల పని ఈ అక్కచెల్లెళ్ళది. తరతరాలుగా వాళ్ళది చాకిరేవు కులవృత్తి. బట్ట మనిషి ఒంటికి రెండో చర్మమని ఎరిగిన ఇల్లు. ఉతికింది తెల్లగా కనపడుతున్నా పసిబిడ్డ మీద కప్పాలంటే మనసొప్పడం లేదని సూరమ్మ ఆ రోజుల్లో అంటూండేది.

హారిక చదువు ముగించుకొచ్చి ఆసుపత్రి వెనక రేకుల గదిలో ప్రయోగశాల పెట్టుకుంది. కొండవాగుల్లో రాళ్ళకి పట్టిన జిగురు గీకి తెచ్చేది. నెలల తరబడి గాజుబుడ్లతో, చలిపెట్టెలతో గడిపేది. తిన్నావా అంటే ఊఁ అనేది, ఏం తిన్నావంటే చెప్పలేకపోయేది. ఒక రోజు పొద్దున్నే ఒక కొత్త కుండలో మజ్జిగ రంగు నీళ్ళు పోసుకొచ్చి వంటింట్లో దింపింది.

"ఏటిది?" అంది సూరమ్మ.

"తోడు. పాలకి కాదు, బట్టలకి."

చెప్పడం కంటే చేసి చూపించడం మేలనుకుంది హారిక. తొట్టినిండా చన్నీళ్ళు పట్టించింది. ఒక గరిటెడు తోడు కలిపి, విడిచిన చీరలు, తువ్వాళ్ళు అందులో ముంచి, పూటసేపు ఎవరినీ కదపనివ్వలేదు. నీళ్ళ మీద సన్నని బుడగలు లేచాయి. ఆ బుడగలు వదిలే జీవాలు కంటికి ఆనవు, చలిలోనే మేలుకుంటాయి, ఒంటి చెమటా జిడ్డూ మేసేస్తాయి. మేతంతా ఇవే తినేస్తే రోగం తెచ్చేవాటికి మెతుకుండదు, నిలవడానికి చోటుండదు. అప్పటికీ మొండికేసినవాటిని ఇవే చంపేస్తాయి. ఆ తర్వాత బట్ట జాడించి, ఆఖరి నీళ్ళు ఒక చెంబెడు మళ్ళీ కుండలో పోయాలి. కుండ అలా సాగుతూనే ఉంటుంది. పెరుగు తోడులాగే ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది.

"విడిచిన బట్టలే వాటి తిండి. ఇంకేమీ పెట్టకండి," అని హారిక వెళ్తూ వెళ్తూ రెండుసార్లు చెప్పింది.

ఆ ఏడు చలికాలం ఆసుపత్రిలో ఒక్క బాలింతకీ జ్వరం రాలేదు. చలితోడు అన్న పేరు కొండంతా పాకింది. గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వరసకట్టేవారు. అక్కచెల్లెళ్ళ కుండే అన్నిటికీ మొదటి కుండ గనక తోడు ఎక్కడ పాడైనా అక్కడికే వచ్చి తీసుకెళ్ళేవారు.

ఏడాది తిరిగాక హారిక ఆ కుండలోంచి ఒక చుక్క తీసి తన యంత్రంలో పెట్టి, గాజుపలక మీద వచ్చిన చారలు తెచ్చి చూపించింది. అందులో ఎర్రమట్టి రంగు చార ఒకటి, లేత పసుపుది ఒకటి. ప్రతి మనిషి చర్మం మీదా ఆ మనిషికే చెందిన మంచి జీవాలు కాపురముంటాయట. బట్టల వెంట అవీ కుండలోకి దిగి, తోడుతో కలిసి బతుకుతున్నాయట. ఎర్రమట్టిది అమ్మ, పసుపుది నువ్వు పిన్నీ, అని వేలు పెట్టి చూపించింది.

సూరమ్మ పలకని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "సూడే గున్నా, కన్నకూతురు తల్లిని కుండలో పెట్టీసింది," అంది. ఆ మాటకి ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఆ నవ్విన ఏడే సూరమ్మ వెళ్ళిపోయింది.

ఊపిరాడక ఆయాసం. కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు. జీపులో ఒక మనిషికే చోటుంది, హారిక ఎక్కింది. గున్నమ్మ కూడా ఎలాగో ఇరుక్కుని కూర్చునేదే. కాని ఆ రోజు ఆసుపత్రిలో ముగ్గురు ప్రసవానికి ఉన్నారు, దుప్పట్లన్నీ తాళ్ళ మీద ఉన్నాయి. రెండు రోజుల్లో వచ్చేస్తారు కదా అనుకుంది. జీపు కదులుతుంటే సూరమ్మ అద్దం దింపి, తడారకుండా మడత పెట్టకు అని మాత్రం అంది. గున్నమ్మ తలూపి తాళ్ళ వైపు తిరిగింది. మళ్ళీ చూసేసరికి ఘాట్ రోడ్డు మొదటి మలుపులో మంచు జీపుని మింగేసింది. మూడో రోజు కబురు వచ్చింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం గున్నమ్మ తన చీర ఉతికి, ఆరేసి, మడత పెడుతూ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. అందులో అక్క వాసన ఉంది. ఎండకి కాగిన రాగిచెంబులాంటి వాసన, చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్నప్పుడు అక్క మెడ దగ్గర వచ్చే వాసన. గున్నమ్మ ఆ చీర పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కుండ ముందు కూలబడింది. కుండ మూతి గుడ్డ కింద బుడగలు చిన్నగా చిటపటలాడుతున్నాయి. పక్కగదిలో ఎవరో నిద్రలో గొణుక్కుంటున్నట్టు ఉంది. ఎర్రమట్టి రంగు చార ఆమెకి గుర్తుకొచ్చింది.

అప్పటినుంచి ఆమె కుండతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఎవరు పుట్టారు, ఎవరికి మగపిల్లాడు, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి, ఇవే మాటలు. కుండ బుడబుడమనేది. ఆ ఇంట్లో ఒంటరితనం ఉండేది కాదు. మంచు రోజుల్లో తాళ్ళ దగ్గర చెయ్యి కూడా అప్పటినుంచే.

తర్వాత ఆమెకి ఒక దిగులు పట్టుకుంది. ఇంట్లో ఇప్పుడు ఒక్క మనిషి బట్టలే. అక్క ఒంటి చెమట ఇక కుండకి అందదు. మేత లేక అక్కవి ఒక్కొక్కటే ఆకలికి పోతున్నాయేమో. తన చిన్నతనంలో వాళ్ళమ్మ సందెవేళ గంప పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేది. బట్టలుతికిన ప్రతి ఇల్లూ ఒక ముద్ద అన్నం పెట్టాల్సిందే. పెట్టని ఇంటి బట్ట మర్నాడు ముట్టుకునేది కాదు వాళ్ళమ్మ. పని చేసిన చేతికి అన్నం పెట్టకపోవడం కంటే పాపం లేదనేది. మరి ఈ కుండ రోజూ ఇంత చాకిరీ చేస్తోంది, దీనికి ఎవరు ముద్ద పెట్టారు? మురికి తినమనడం తిండి పెట్టడమా?

ఒక శుక్రవారం గున్నమ్మ అన్నం వార్చిన గంజి చల్లార్చి, ఒక గరిటెడు కుండలో పోసింది. సూరమ్మకి గంజి పెట్టిన నేత చీరంటే ప్రాణం. కట్టుకుంటే కాగితంలా గలగలమనాలి.

మర్నాటికి కుండ పొంగింది. తోడు చిక్కగా, మీగడ కట్టినట్టు తయారైంది. అక్క వాసన కూడా ఎక్కువైనట్టు అనిపించింది. ఇక శుక్రవారం గంజి మానలేదు. తన కింద పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళు ఈ చిక్కదనానికి కిటుకేమిటని అడిగితే దాచుకోలేదు. వాళ్ళవీ అన్నం గంపలు మోసిన ఇళ్ళే. విన్న వెంటనే నిజమేనన్నారు. చాకిరీ చేయించుకుని పస్తుంచుతామా అనుకుంటూ వాళ్ళూ పోశారు. ఆసుపత్రి తొట్లకి ఆ కుండల తోడే వెళ్ళేది. ఈ సంగతి హారికకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. కోడలు అత్తకి ఎంత అన్నం పెట్టిందో ఎవరైనా డాక్టరుకి చెప్తారా?

ఇలా నాలుగేళ్ళు సాగింది. అయిదో ఏటి మార్గశిరంలో ఒక ఆడపిల్లకి పుట్టిన మూడో రోజున తొడ మీద నీటిపొక్కు కనపడింది.

నర్సు వంతల రత్నం ముందు దాన్ని చెమటకాయ అనుకుంది. సాయంత్రానికి అది చీము పట్టింది. పక్క మంచంలో బిడ్డకి బొడ్డు చుట్టూ వచ్చాయి. వారం తిరక్కుండా తొమ్మిదిమంది పసివాళ్ళు. వాళ్ళ ఏడుపు గట్టిగా ఉండేది కాదు. కాకిపిల్లలు గూట్లో అరిచినట్టు సన్నగా, ఆగకుండా ఉండేది. ఆ ఏడుపు తాళ్ళదాకా వినపడేది.

హారిక రేకుల గదిలోంచి బయటికి రావడం మానేసింది. నీళ్ళు పరీక్ష చేసింది, సబ్బు పరీక్ష చేసింది, నర్సుల చేతులు, మంచాల కమ్మీలు, పాలపీకలు అన్నీ చేసింది. తోడు మీద ఆమెకి అనుమానం రాలేదు. అంత బలంగా పెరుగుతున్న తోడుని ఆమె ఎప్పుడూ చూడలేదు. అయిదో రోజు పొద్దున గున్నమ్మ అంబలి తీసుకెళ్ళేసరికి హారిక బల్లకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టే చెప్పుకుపోయింది. తొట్టినీళ్ళలో పిండిపదార్థం కనపడుతోందట. పిండికి అలవాటు పడితే చలితోడు కొన్నేళ్ళకి చెమట వైపు చూడడం మానేస్తుందట, రోగపు జీవాల జోలికి పోదట. కడుపు నిండినవాడిలా పడి నిద్రపోతుందట. ఆ నిద్రలో చెడ్డవన్నీ నిశ్చింతగా పెరిగి, బట్టనుంచి బట్టకి వెళ్తున్నాయట.

"పసిపిల్లల గుడ్డలకి గంజి పెట్టేదెవరు పిన్నీ? అదే అంతు చిక్కడం లేదు."

గున్నమ్మ చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కాని చెప్తే ఏమవుతుందో ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. ఈ గదిలో పాడైన గాజుబుడ్లని హారిక ఏం చేస్తుందో ఎన్నోసార్లు చూసింది. మరిగే నీళ్ళలో వేస్తుంది. తోడు చలిలో పుట్టింది, వేడి తగిలితే లోపల ఒక్క జీవం మిగలదు.

అంబలి చల్లారిపోకముందే తాగమని చెప్పి గున్నమ్మ వచ్చేసింది.

ఆ రోజంతా ఆమె కుండ ముందు కూర్చుంది. మాట్లాడలేదు. కుండ మాత్రం బుడబుడమంటూనే ఉంది. శుక్రవారం కావడంతో పొయ్యి మీద గంజి వార్చి పెట్టి ఉంది. ఆమె దాన్ని పారబోయలేదు, కుండలో పోయలేదు. గంజి పైన పొర కట్టింది. చెప్పకపోతే హారికకే ఎప్పుడో తెలుస్తుందనీ, రేపటినుంచి గంజి మానేస్తే తోడు తనంతట తనే బాగుపడుతుందనీ, అక్క అలాగే ఉంటుందనీ తనకి తను చెప్పుకుంది. కళ్ళు మూసుకుంటే తాళ్ళ మీద చిన్నచిన్న చొక్కాలు, వాటిలో బిడ్డలు లేకుండానే చేతులు కదుపుతూ కనపడ్డాయి.

మర్నాడు పదిగంటలవేళ ఆసుపత్రి ముందు జీపు ఆగింది. అందరికంటే ముందు పొక్కు వచ్చిన ఆడపిల్లకి ఒళ్ళంతా పాకి, కుడి కన్ను మూసుకుపోయింది. జ్వరం దిగడం లేదు. కిందికి పంపాలి. తల్లి పేరు సీదరి చిలకమ్మ, పందొమ్మిదేళ్ళుంటాయి. ఆమెకి ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఘాట్ రోడ్డు కుదుపులకి కుట్లు విడిపోతాయని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. రత్నం బిడ్డని గుడ్డలో చుట్టుకుని జీపెక్కింది.

చిలకమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. జీపు మంచులోకి వెళ్ళిపోయాక కూడా ఆ వైపే చూస్తోంది. పాలు చేపి రవికె రెండువైపులా తడిసిపోయింది. చేతిలో బిడ్డకి అంతకుముందు కప్పిన గుడ్డముక్క ఉంది. దాన్ని మొహానికి ఆనించుకుని, గుండెల నిండా పీల్చుకుంటూ కళ్ళు మూసుకుంది. ఆ గుడ్డ గున్నమ్మ ఉతికిందే. అందులో బిడ్డ వాసనతో పాటు ఏముందో గున్నమ్మకి తెలుసు.

గున్నమ్మ వెళ్ళి గుడ్డ తీసుకోబోయింది. చిలకమ్మ ఇవ్వలేదు.

"ఒగ్గీయమ్మా, ఇదొక్కటే ఉంది నాకు," అంది.

ఆ మాట గున్నమ్మ అయిదేళ్ళుగా తనలో తాను అనుకుంటున్నదే. ఆమె చిలకమ్మ గుప్పిట మెల్లగా విప్పి, ఆ గుడ్డ తీసుకుని, తన పైట చెంగు ఆమె చేతిలో పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత నేరుగా రేకుల గదికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది. శుక్రవారాల సంగతి, గంజి సంగతి, ఆరుగురు ఆడవాళ్ళ సంగతి, నిన్న పొద్దున నోరు తెరిచి మూసుకున్న సంగతి. ఏదీ మిగల్చలేదు.

హారిక చేతిలోని గాజుబుడ్డికి మూత బిగించి పక్కన పెట్టింది. కోప్పడితే బాగుండుననిపించింది గున్నమ్మకి.

"రెండుసార్లు చెప్పాను కదా పిన్నీ."

"సెప్పావు."

"మరెందుకు పోశావు?"

"మీయమ్మ ఆకలితో ఉంటాదని."

హారిక ముఖం తిప్పేసుకుంది. గాజుబుడ్ల వైపు చూస్తూ నిలబడింది. ఆమె భుజాలు ఒక్కసారి ఎగసి ఆగిపోయాయి. తర్వాత, కొండ మీది తోడు కుండలన్నీ ఒక్కటి కూడా వదలకుండా కాచి చంపాలనీ, గుడ్డలన్నీ ఆవిరి పట్టాలనీ, కొత్త తోడు వాగు రాళ్ళనుంచి మళ్ళీ మొదలుపెట్టాలనీ చెప్పింది. నిన్ననే చెప్పి ఉంటే అన్న మాట మాత్రం ఆమె అనలేదు. ఆ మాట కోసం గున్నమ్మ ఆ రోజంతా ఎదురుచూసింది.

ఒక్క గరిటెడు దాచలేవా, అని గున్నమ్మ వెళ్ళేముందు అడిగింది. వాడను, ఎవరికీ ఇవ్వను, చలిపెట్టెలో ఒక మూల ఉంటుంది అంతే, అంది. హారిక తల అడ్డంగా ఊపింది. ఒక బుడ్డి మిగిలితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మూత తీస్తారు, అది నేనే కావచ్చు పిన్నీ, అంది.

ఒక రోజు మంట పెట్టుకోవడానికి పైవాళ్ళ అనుమతి తెచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. అనుమతి వచ్చాక తెలిసిన చిక్కేమిటంటే, అంత బట్టకి ఆవిరి పట్టడం ఎవరికీ రాదు. ఉబ్బ పెట్టడమనే ఆ పాత పనిని కొండ మీద కళ్ళారా చూసిన మనిషి గున్నమ్మ ఒక్కతే. అడుగున ఎంత నీరుండాలి, చౌడు నీళ్ళలో ముంచిన బట్టని పైన ఎలా చుట్టలు చుట్టి పేర్చాలి, ఆవిరి మధ్యలో ఆగిపోకుండా ఎక్కడ సందు వదలాలి, ఇదంతా వాళ్ళమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఎనిమిదేళ్ళ పిల్లగా నేర్చుకున్నది చేతులు మరిచిపోలేదు. తెల్లవారుతుండగా ఆరుగురినీ పిలిచి, కట్టెలు పేర్పించి, మూడు పొయ్యిలు వెలిగించింది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ కొండ మీద అంత పెద్ద మంట. జనం చలి కాచుకోవడానికి కాదు, చూడడానికే వచ్చి దూరంగా నిలబడ్డారు.

ఒక పొయ్యి మీద పెద్ద గంగాళం ఎక్కించారు. కుండలు ఒక్కొక్కటే వచ్చాయి. ఏ ఇంటి కుండ ఆ ఇంటివాళ్ళే తెచ్చి ఒంపారు. ఒకామె భర్త రెండేళ్ళ కిందట లోయలో పడి పోయాడు. ఆమె కుండ ఒంపి, ఖాళీ కుండలోకి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయింది. ఒక ముసలాయన నా కుండలో నేను తప్ప ఎవరూ లేరు, పొయ్యండి, అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కుండలో తనవాళ్ళున్నారని ఇన్నాళ్ళూ తను ఒక్కతే నమ్ముతోందనుకుంది గున్నమ్మ.

తొమ్మిది దాటాక కిందినుంచి రత్నం ఫోను చేసింది. పిల్లకి జ్వరం దిగింది, పాలు పీలుస్తోంది. కుడి కంటి చూపు నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. చిలకమ్మని మర్నాటి జీపులో పంపడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. గున్నమ్మ ఆ కబురు రెండుసార్లు చెప్పించుకుంది. కంటి మాట వచ్చిన చోట రెండుసార్లూ తల వంచుకుంది.

ఇక మిగిలింది ఒకే కుండ.

ఆమె ఇంట్లోకి వెళ్ళి, ఇసుకలోంచి కుండని లేవనెత్తి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు నడుము మీద పెట్టుకుని తీసుకొచ్చింది. మంచు ఇంకా విడవలేదు. పొయ్యిల మంట దానిలో నారింజరంగు మచ్చల్లా ఉంది. తాళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. దారిలో ఎవరి చెయ్యీ తగల్లేదు. గంగాళం దగ్గర హారిక ఒక్కతే ఉంది. మిగతా ఆడవాళ్ళు చెప్పకుండానే పక్కకి వెళ్ళారు.

హారిక కుండ మూతి గుడ్డ మీద చెయ్యి వేసింది. తల్లి పోయాక ఆ కుండని ఆమె ముట్టుకోగా గున్నమ్మ చూడడం అదే మొదలు.

"పిన్నీ, ఒక మాట చెప్పాలి. ఇందులో అమ్మ లేదు. అమ్మ పోయిన తొమ్మిది నెలలకే ఆ ఎర్రచార మాసిపోయింది. నువ్వు పడుకున్నాక చుక్క తీసి చూశాను. మీరిద్దరూ అరవయ్యేళ్ళు ఒకే చాప మీద, ఒకే దువ్వెనతో బతికినవాళ్ళు. నీకు వస్తున్న ఆ వాసన నీదే."

గున్నమ్మ హారిక కళ్ళలోకి చూడబోయింది. హారిక కళ్ళు మంట మీద ఉన్నాయి. అది నిజమో, ముసలిదాని చేతులు తేలికపడాలని చెప్పిన అబద్ధమో గున్నమ్మకి తెలియలేదు. అడిగితే హారిక గాజుపలక తెచ్చి చూపిస్తుంది. చూపిస్తే తెలిసిపోతుంది. గున్నమ్మ అడగలేదు. కుండ ఆమె నడుము మీద చల్లగా, బరువుగా ఉంది. లోపల బుడగలు ఒకటీ అరా చిట్లుతున్నాయి.

"ఉందనే సెప్పవే," అంది. "ఆ పాలి అక్క ఎల్లిపోయినప్పుడు నేను తాళ్ళకాడ ఉండిపోయాను. ఈ పాలి దగ్గరుండి పంపుకుంటాను."

కట్టె ఒకటి విరిగి నిప్పులు లేచాయి.

"ఉంది పిన్నీ," అంది చివరికి.

గున్నమ్మ కుండని గంగాళం అంచుకి ఆనించి నెమ్మదిగా వంచింది. తెల్లని నీళ్ళు సన్నని ధారగా, చప్పుడు లేకుండా లోపలికి దిగాయి. ధార ఆగిపోయాక కుండని రెండు చేతులతో పట్టుకుని ఆఖరి చుక్కదాకా ఒంపింది. హారికని ఒక కట్టె అడిగి తీసుకుని తానే పొయ్యిలో పెట్టింది. ఎవరో టీ తాగమని పిలిచారు. ఆమె వెళ్ళలేదు. గంగాళం పక్కనే గొంతుక్కూర్చుని, చిన్న గొంతుతో ఆ వారం పుట్టిన పిల్లల సంగతులు, వాళ్ళ పేర్లు, ఎవరికి నయమైందో, ఎవరి కన్ను ఇంకా తెరుచుకోలేదో ఒక్కొక్కటే చెప్పసాగింది. నీళ్ళు వెచ్చబడి, మరిగి, ఆవిరి లేచి, ఆ ఆవిరి వెళ్ళి మంచులో కలిసి ఏది ఏదో గుర్తుపట్టలేకుండా పోయేదాకా ఆమె అక్కడినుంచి కదలలేదు.